ఫిల్ము కెమేరాయా? డిజిటల్ కెమేరాయా?

(కొత్తగా ఛాయాచిత్రణము నేర్చువారి కొరకు చేసిన ప్రసంగ పాఠము)



సూరతు నగరమున పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువనున్న వడోద్ ఒకప్పుడు వేరొక గ్రామము. నేడది నగరములో కలిసిపోయినది. చుట్టుపట్ల మరమగ్గముల చప్పుడును, రంగుల మిల్లుల పొగగొట్టములును కానవచ్చును. సూరతు నగరమునకు తెలంగాణ జిల్లాలనుండి నేతపనికై వచ్చిన తెలుగు కుటుంబములు తరములుగా ఇచట నివసించుచున్నవి. వానితోపాటు రైల్వే, తపాలా, ఆదాయపు పన్ను మొదలగు కేంద్ర ప్రభుత్వ శాఖలలో పనిచేయుచు బదిలీలపై వచ్చి పోవు తెలుగు కుటుంబములును గలవు.

వడోద్‌లో కాపురమున్న అట్టి కుటుంబము నొకదానిని ఊహించుకొనుడు. ఇంటి యజమాని ఒక కార్యాలయమున గుమాస్తా. ఇంట మూడేండ్ల పాప గలదు. వృద్ధులైన తల్లిదండ్రులు స్వగ్రామమున ఉన్నారు. ఇనుప పెట్టెలో తాతగారి ఫొటో ఒకటి భద్రముగా ఉన్నది. అంచులు పసుపెక్కినను ముఖము స్పష్టముగనే కనబడును. పాప బొమ్మలు మాత్రము మొబైలు ఫోనులో వేలకొలది తీసిరి. ఆ ఫోను ఒకనాడు పాడగుటతో తొలి యేటి బొమ్మలన్నియు పోయినవి. పాప మొదటి అడుగు వేసినప్పటి బొమ్మయు వానిలోనే యుండెను. దసరా బోనసు చేతికి వచ్చిన నెలలో ఒక మంచి కెమేరా కొనవలెనని ఆ గుమాస్తా నిశ్చయించుకొనెను. "ఫిల్మే అసలైన ఫొటో. పాత కెమేరా చవుకగా దొరకును. అదే కొనుము" అని ఒక మిత్రుడు బోధించెను. "ఈ కాలమున ఫిల్మేమిటి? డిజిటల్ కొని ఎన్ని కావలసిన అన్ని తీసికొనుము" అని మరియొకడు చెప్పెను. ఇద్దరును అనుభవజ్ఞులే. ఆ గుమాస్తా ఎవరి మాట వినవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు మూడు సంగతులు విచారింపవలసి యున్నది. కొత్తవాడు దేనితో త్వరగా నేర్చును? దేనికెంత వ్యయమగును? ఇరువది, ముప్పది సంవత్సరముల పిమ్మట ఇంట ఏమి మిగులును? మొదటి రెండు ప్రశ్నలను అందరును అడుగుదురు. మూడవది అడుగువారు అరుదు. తాతగారి ఫొటో పెట్టెలో ఉండి పాప ఫొటో లేకుండుటకు కారణము ఆ మూడవ ప్రశ్నలోనే యున్నది.

ఉద్యోగము చేసికొనుచు ఛాయాచిత్రణము నేర్చినవారికి మేటి ఉదాహరణముగా రాజా దీనదయాళ్ పేరు చెప్పుకొనవచ్చును. ఆయన 1844లో మీరట్ ప్రాంతమునందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలో చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీయుచు, అంచనాలు వేయుచు ఉద్యోగము చేసెను. ఆ ఉద్యోగములో ఉండగనే 1870 దశకమున కెమేరా పట్టెను. తరువాత సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1905లో పరమపదించెను. ఆయన పనిచేసినది ఛాయాచిత్రణ విధానము మారుచున్న కాలము. మొదట గాజు పలకకు రసాయనము పూసి, అది తడిగా నుండగనే బొమ్మ తీసి, తడి యారక మునుపే కడుగవలసి వచ్చెడిది. పిమ్మట ముందుగనే తయారు చేసిన పొడి పలకలు వచ్చెను. ఆ వెనుక చుట్టగా చుట్టు ఫిల్ము వచ్చెను. నేటి వివాదమువంటి వివాదములు ఆనాడును ఉండి యుండును. కాని దీనదయాళ్ గాజు పలకలు మిగిలినవి. వానిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము 1989లో సేకరించెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలా బిళ్ళను వెలువరించెను. నూరేండ్లకు పైబడిన యా పలకలను నేడును వెలుతురునకు ఎదురుగా పట్టుకొని చూడవచ్చును. చూచుటకు మరియొక యంత్రము అవసరము లేదు. ఫిల్మునందు గల మొదటి గుణము ఇదియే.

ఫిల్ము పనిచేయు తీరు సూరతువారికి సులభముగా బోధపడును. ఈ ఊరు జరీకి ప్రసిద్ధము. అసలు జరీకి వెండి ఎట్లు ప్రాణమో ఫిల్మునకును వెండియే ప్రాణము. పలుచని పారదర్శకమగు పట్టీపై జెలటిన్ అను జిగురులో వెండి లవణపు సూక్ష్మ స్ఫటికములు పూయబడి యుండును. షట్టరు తెరచుకొనిన క్షణమున వెలుతురు తగిలిన స్ఫటికములలో కంటికి కనబడని మార్పు కలుగును. చీకటిలో డెవలపరు అను ద్రావకములో ముంచగా వెలుతురు తగిలిన చోట వెండి నల్లగా తేలును. ఫిక్సరు అను మరియొక ద్రావకము మిగిలిన లవణమును కడిగివేయును. తెల్లనిది నల్లగను, నల్లనిది తెల్లగను కనబడు నెగెటివు అప్పుడు సిద్ధమగును. రంగుల ఫిల్ములో వెండి నిలిచిన చోట రంగులేర్పడి, వెండి తుదకు తొలగిపోవును.

డిజిటల్ తీరు నేతవారికి ఇంకను సులభముగా తెలియును. ఈ కెమేరాలో ఫిల్ము ఉండవలసిన చోట సెన్సరు అను పలక ఉండును. దానిపై పడుగు పేకలవలె అడ్డముగను, నిలువుగను వరుసలుండును. పడుగు పేక కలిసిన ఒక్కొక్క చోటును ఒక పిక్సెల్ అందురు. అడ్డముగా 6,000, నిలువుగా 4,000 పిక్సెళ్ళున్న పలకలో మొత్తము 2 కోట్ల 40 లక్షలుండును. దీనినే 24 మెగాపిక్సెళ్ళని అంగడివారు చెప్పుదురు. ప్రతి పిక్సెల్ తనపై పడిన వెలుతురును కొలిచి ఒక అంకెగా వ్రాసికొనును. రంగు కొరకు పిక్సెళ్ళపై చిన్న చిన్న రంగు తెరలుండును. వానిలో సగము ఆకుపచ్చవి, పాతిక ఎర్రవి, పాతిక నీలివి. ఆ అంకెలను బట్టి కెమేరాలోని యంత్రము బొమ్మను నేయును. జకార్డు మగ్గము అట్టల రంధ్రములను బట్టి పువ్వును నేయుట ఎరిగినవారికి ఇందులో వింత తోచదు.

వెలుతురును విద్యుత్తుగా గ్రహించు సి.సి.డి. అను పలకను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు 1969లో కనిపెట్టిరి. 2009లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు మొదటి డిజిటల్ కెమేరాను తయారు చేసెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైమాట. అందలి పిక్సెళ్ళు 10,000 మాత్రమే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెను. ఫిల్ము అమ్మి పెరిగిన ఆ సంస్థయే 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చెను.

భారతదేశమున ఫిల్ము కథ కేంద్రోద్యోగులకు ఆసక్తికరము. సూరతునకు ఉత్తరమున సుమారు 150 కిలోమీటర్ల దూరములోని బరోడాలో ఆగ్ఫా క్లిక్ అను చిన్న కెమేరాలు తయారయ్యెడివి. 120 సంఖ్య గల ఫిల్ముపై అది 12 బొమ్మలు తీయును. ఎన్నో మధ్యతరగతి ఇండ్లలో మొదటి కెమేరా అదియే. కేంద్ర ప్రభుత్వము 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ సంస్థ ఉదకమండలమున 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' పేరిట ఫిల్మును అమ్మెను. కాలక్రమమున నష్టములపాలై ఆ సంస్థ మూతపడినది. నేడు ఫిల్ము విదేశములనుండి రావలసినదే. అయినను ఫిల్ము చచ్చిపోలేదు. 2024లో జపానుకు చెందిన రికో సంస్థ పెంటాక్స్ 17 అను కొత్త ఫిల్ము కెమేరాను అమ్మకమునకు తెచ్చినది. 36 బొమ్మల ఫిల్ముపై అది 72 సగపు బొమ్మలు తీయును. కావున ఫిల్మును కోరువారిని వెర్రివారని చెప్పుట న్యాయము కాదు.

ఇక వ్యయము. పాత ఫిల్ము కెమేరా చవుకగా దొరకుననుట నిజమే. కాని ఖర్చు ఆ పిమ్మట మొదలగును. ఒక ఫిల్ము వెలయు, కడుగుటకును స్కాన్ చేయుటకును అగు కూలియు కలిపి వేయి రూపాయలైనచో 36 బొమ్మలలో ఒక్కొక్కదానికి సుమారు 28 రూపాయలు పడును. నెలకు రెండు ఫిల్ములు వాడువానికి ఏడాదికి 24,000 రూపాయలగును. కడుగువారు దగ్గర లేనిచో పార్సెలు ఖర్చు వేరు. డిజిటల్ కెమేరాకు మొదట పెద్ద మొత్తము పెట్టవలయును. పిమ్మట వేయి బొమ్మలు తీసినను అదనపు ఖర్చు లేదనియే చెప్పవచ్చును. ఒకరు వాడి అమ్మిన డిజిటల్ కెమేరా, దానికి తగిన 50 మిల్లీమీటర్ల సాదా లెన్సు ఒకటి కొనినచో కొత్తవానికి చాలును. కొనుటకు ముందు లెన్సును వెలుతురునకు పట్టి చూడవలయును. లోపల సాలెగూడువంటి మరక కనబడినచో అది బూజు. సూరతు వానకాలపు తేమలో ఇది పాత లెన్సులకు తరచుగా పట్టును. అట్టిది ఎంత చవుకైనను కొనరాదు. కొన్న దానిని సిలికా జెల్ పొట్లములతో మూత బిగువైన డబ్బాలో ఉంచవలయును.

నేర్చుకొను విషయమున తేడా ఇంకను పెద్దది. ఛాయాచిత్రణమున నేర్వవలసినవి ముఖ్యముగా మూడు. లెన్సు కన్ను ఎంత తెరువవలెను, షట్టరు ఎంతసేపు తెరచి యుంచవలెను, ఫిల్ము లేక సెన్సరు వెలుతురునకు ఎంత చురుకుగా స్పందింపవలెను. ఫిల్ములో మూడవది ఫిల్ము కొనిన నాడే నిర్ణయమగును. పగటి వెలుతురునకు తగిన ఫిల్ము వేసినచో చుట్ట ముగియువరకు దానితోనే కాలము గడుపవలయును. డిజిటల్‌లో ప్రతి బొమ్మకును మార్చుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యమేమనగా, ఫిల్ములో తప్పు తెలియుటకు వారములు పట్టును. అప్పటికి ఆ బొమ్మ ఎట్లు తీసితినను జ్ఞాపకమే ఉండదు, పుస్తకములో వ్రాసికొన్నచో తప్ప. డిజిటల్ కెమేరా ఆ వివరములను బొమ్మతోపాటు తానే వ్రాసికొనును.

ఒక ఉదాహరణము చూడుడు. మరమగ్గముల షెడ్డులో ఆ గుమాస్తా ఒక నేతగాని బొమ్మ తీయబోవుననుకొనుడు. చేతులు వేగముగా కదలుచున్నవి గనుక షట్టరు వేగము సెకండులో 500వ వంతునకు పెంచును. ఒక బొమ్మ మసకగను, మరొకటి కాంతిగను, ఇంకొకదానిలో అడ్డచారలతోను వచ్చును. కెమేరా చెడిపోయినదని కొత్తవాడు భయపడును. అసలు సంగతి వేరు. ఈ దేశపు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులది. పాత తరహా ట్యూబు దీపము సెకండునకు 100 మారులు వెలుగు హెచ్చి తగ్గును. షట్టరును 50వ వంతునకో, 100వ వంతునకో తగ్గించినచో చారలు పోవును. డిజిటల్‌తో ఈ పాఠము పది నిమిషములలో వచ్చును. ఫిల్ముతోనైనచో ఒక చుట్ట పాడైన పిమ్మటగాని రాదు. పైగా పగటి వెలుతురునకు చేసిన రంగుల ఫిల్ముపై ట్యూబు దీపపు బొమ్మలు పచ్చబారును.

అట్లే మకర సంక్రాంతినాడు సూరతు మేడలపై గాలిపటములు ఎగురువేళ షట్టరు వేగమును, బతుకమ్మ ఆడు సాయంకాలము తక్కువ వెలుతురును, ఇంట కిటికీ పక్కన కూర్చుండబెట్టి తల్లి ముఖమున నీడయు వెలుగును నేర్చుకొనవచ్చును. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. వెలుతురు కొంత ఎక్కువైనను రంగుల నెగెటివు సహించును. డిజిటల్ సహింపదు. ఎండలో తెల్లని ధోవతి మరీ తెల్లనై మడతలు మాయమైనచో వానిని మరల తెచ్చుట సాధ్యము కాదు. కావున డిజిటల్‌లో తెల్లని భాగమును చూచి వెలుతురు నిర్ణయింపవలయును. నెగెటివు ఫిల్ములో నీడ భాగమును చూచి నిర్ణయింపవలయును.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి డిజిటల్‌కే మొగ్గు. కాని ఫిల్మువారు నేర్పినది ఒకటి గలదు. సూరతునకు దక్షిణమున సుమారు 30 కిలోమీటర్ల దూరములోని నవసారిలో 1913లో హోమాయ్ వ్యారావాలా జన్మించెను. భారతదేశపు మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలని ఆమెకు పేరు. స్వాతంత్ర్యోదయ కాలపు ఢిల్లీని ఆమె చిత్రించెను. 2011లో పద్మవిభూషణ్ పొంది, 2012లో వడోదరాలో మరణించెను. ఆమె వాడిన రోలీఫ్లెక్స్ కెమేరాలో ఒక చుట్టకు 12 బొమ్మలే. పన్నెండు మాత్రమే ఉన్నప్పుడు మీట నొక్కుటకు ముందు చేయి ఆగును. కన్ను మొదట చూచును. పిమ్మటనే వేలు కదలును. వేలకొలది బొమ్మలు తీయగల యంత్రము చేతికి వచ్చినవాడు ఈ నిగ్రహమును తానుగా అలవరచుకొనవలయును. వారమునకు 36 బొమ్మలే తీయుదునని నియమము పెట్టుకొనుట ఒక మార్గము. తీసిన వెంటనే ప్రతి బొమ్మకును తెర చూడక, పది తీసిన తరువాత చూచుట మరియొక మార్గము.

ఇక మూడవ ప్రశ్న: ఏమి మిగులును? 2006 ఆగస్టులో ఎగువ వర్షములకు ఉకాయి జలాశయము నిండి, నీరు వదలుటతో తాపీ నది పొంగి సూరతు నగరము చాలవరకు దినముల తరబడి నీట మునిగెను. అట్టి వరద ఏ ఊరికి వచ్చినను ఇంటి ఆల్బములును, కంప్యూటరులోని హార్డుడిస్కులును ఒకే రీతిగా నష్టపోవును. ఒక్క తేడా గలదు. తడిసిన ప్రింట్లను, నెగెటివులను ఆరి అంటుకొనక మునుపే శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి, ఒకటి రెండు దినములలో విడదీసి, ముఖము పైకి ఉండునట్లు నీడన ఆరబెట్టినచో పెక్కింటిని దక్కించుకొనవచ్చును. పాడైన హార్డుడిస్కు నుండి బొమ్మలు తీయుట నిపుణుల పని, ఖర్చు మెండు, ఫలితము అనిశ్చితము. డిజిటల్‌కు వేరొక బలము గలదు. దాని ప్రతి ఎన్నిటినైనను, మూలమునకు ఏమాత్రము తీసిపోకుండ చేసికొనవచ్చును. ఒక ప్రతి వడోద్‌లోను, ఒకటి స్వగ్రామములోను ఉన్నచో ఏ వరదయు రెండింటిని ఒకేసారి ముంచదు. ఫిల్మునకు ఈ సౌకర్యము లేదు. మూలపు నెగెటివు ఒక్కటే.

కావున ఆ గుమాస్తా డిజిటల్ కెమేరాతోనే మొదలు పెట్టుట మేలు. కెమేరా కొను శక్తి లేనివారు చేతనున్న ఫోనుతోనే మొదలు పెట్టవచ్చును. ఏడాది నేర్చిన పిమ్మట ఫిల్ము రుచి చూడవలెనని తోచినచో పాత కెమేరా ఒకటి ఎరవు తెచ్చుకొని ఒక్క చుట్ట తీయుట మంచిది. అప్పటికి వెలుతురు తెలిసి యుండును గనుక డబ్బు వృథా కాదు. ప్రతి బొమ్మకు మూడు ప్రతులుండవలయును. అవి రెండు వేరు వేరు సాధనములపై ఉండవలయును. ఒకటి వేరొక చోట ఉండవలయును. నెలకొక దినము, జీతము వచ్చిన తరువాతి ఆదివారము, కూర్చుండి పనికిరానివి తీసివేసి మంచివి ఎంచవలయును. సంవత్సరాంతమున 12 బొమ్మలను మంచి కాగితముపై ప్రింటు వేయించి, వెనుక పేరు, ఊరు, తేది పెన్సిలుతో వ్రాయవలయును. పెన్సిలు సిరావలె నీటికి కరిగి పాకదు.

ఈ చివరి పనిని చిన్నదిగా ఎంచరాదు. వడోద్‌నుండి ఆ కుటుంబము రేపు మరియొక ఊరికి బదిలీయగును. పాప పెరిగి పెద్దదగును. నాడు ఫోనులు మారును, కెమేరాలు మారును, నేటి ఫైళ్ళను తెరచు యంత్రములు ఉండునో ఉండవో ఎవరును చెప్పజాలరు. ఆమె తన తాతగారి తండ్రి ముఖమును ఎట్లు చూడగలిగినదో, అట్లే తన బాల్యమును, వడోద్‌లోని అద్దె యింటిని, కిటికీ పక్కన కూర్చున్న నాయనమ్మను చూడగలుగవలెను. ఇనుప పెట్టెలో తాతగారి ఫొటో పక్కన స్థలమున్నది. ఏ కెమేరాతో తీసినదైనను, పేరును తేదీయు వ్రాసిన ఒక ప్రింటు ఈ సంవత్సరమే అందులో చేరుట ముఖ్యము.